ముందు ప్రశ్నలు, తర్వాత ఇంజిన్

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు డాక్యుమెంటేషన్‌కి ఏ సెర్చ్ పెట్టాలన్న చర్చ చాలాచోట్ల ఒకేలా సాగుతుంది. ఒకరు ఎలాస్టిక్‌సెర్చ్ అంటారు, ఆఫీసులో అదే వాడుతున్నారు కాబట్టి. ఇంకొకరు ఆల్గోలియా అంటారు, పెద్ద ప్రాజెక్టుల సైట్లలో అదే చూశారు కాబట్టి. మూడో మనిషి ఈమధ్యే రస్ట్ భాష నేర్చుకున్నాడు, అందుకని అందులో రాసిన మెయిలీసెర్చ్ వైపు మొగ్గుతాడు. వాదన సాగి సాగి చివరికి గొంతు పెద్దదైనవాళ్ల మాట నెగ్గుతుంది. ఆ డాక్యుమెంటేషన్ చదివే మనిషి ఊసు మాత్రం మొత్తం చర్చలో ఎక్కడా రాదు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇంజిన్ పేరు చివర్లో తేలాల్సిన విషయం. మొదట తేలాల్సినవి రెండున్నాయి. మీ పాఠకులు సెర్చ్ పెట్టెలో ఏం టైప్ చేస్తారు? మీరు పెట్టిన ఇంజిన్‌ని ఏడాది తర్వాత కూడా ఎవరు చూసుకుంటారు? ఈ రెండింటికీ జవాబు కాగితం మీద పెడితే ఎంపిక సగానికి పైగా అయిపోయినట్టే.

పాఠకులు ఏమని టైప్ చేస్తారు?

సెర్చ్ పెట్టెలోకి వచ్చే మాటలు అయిదు రకాలు.

మొదటిది కచ్చితమైన పేరు. ఒక ఫంక్షన్, ఒక కమాండ్ ఆప్షన్, కాన్ఫిగరేషన్ ఫైల్లో ఒక సెట్టింగ్. ఇలా వెతికేవాళ్లకి తమకేం కావాలో బాగా తెలుసు. ఆ పేజీ మొదటి వరసలో రావాలి, అంతే.

రెండోది ఎర్రర్ మెసేజ్. టెర్మినల్లో కనిపించిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసి తెచ్చి పెట్టెలో పడేస్తారు. అందులో కోలన్లు, కొటేషన్ గుర్తులు, స్లాష్‌లు, వాళ్ల సొంత ఫోల్డర్ల పేర్లు అన్నీ కలిసి ఉంటాయి.

మూడోది పని. పాస్‌వర్డ్ మార్చడం ఎలా, పాత వెర్షన్ నుంచి కొత్తదానికి వెళ్లడం ఎలా అన్న తరహా ప్రశ్నలు.

నాలుగోది మీ పేజీల్లో ఎక్కడా లేని మాట. మీరు రిమూవ్ అని రాశారు, వాళ్లు డిలీట్ అని వెతుకుతారు. మీరు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అన్నదాన్ని వాళ్లు సెట్టింగ్ అంటారు.

అయిదోది అక్షరం తప్పిన మాట. దీనికి వివరణ అక్కర్లేదు.

ఒక్కో రకానికి నాలుగేసి చొప్పున ఇరవై ప్రశ్నలు రాయండి. కూర్చుని ఊహించి రాయకండి. ఇష్యూ ట్రాకర్ తెరవండి, చాట్ గ్రూపులో పాత మెసేజ్‌లు చూడండి, జనం అడిగిన మాటల్నే మక్కీకి మక్కీ ఎత్తి రాయండి. ప్రతి ప్రశ్న పక్కన దానికి జవాబున్న పేజీ పేరు వేయండి. ఇదే మీ కొలబద్ద. ఇకమీదట ఏ ఇంజిన్ గొప్పదో ఎవరు చెప్పినా, 'ఈ ఇరవైకి ఏం చెబుతుందో చూద్దాం' అనొచ్చు.

ఈ జాబితా రాస్తుండగానే మీ ప్రాజెక్టు తీరు బయటపడుతుంది. ప్రోగ్రామర్లు వాడే లైబ్రరీ అయితే పేర్లతో వెతకడం ఎక్కువ. కమాండ్ లైన్ పనిముట్టు అయితే ఆప్షన్లు, ఎర్రర్లు ఎక్కువ. లిబ్రెఆఫీస్ లాగా మామూలు జనం వాడే సాఫ్ట్‌వేర్ అయితే పనుల గురించిన ప్రశ్నలే ఎక్కువ. మీ ప్రాజెక్టుకి ఏ రకం ఎక్కువో, ఇంజిన్ ఆ రకంలో నెగ్గాలి. మిగతావాటిలో కాస్త వెనకబడినా ఫర్వాలేదు.

గుర్తుల దగ్గర తేలే నిజం

సెర్చ్ ఇంజిన్లు మామూలు వాక్యాల కోసం పుట్టాయి. వార్తలు, వ్యాసాలు, ఉత్తరాలు వెతకడంలో వాటికి తిరుగులేదు. సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ సగం వాక్యాలు, సగం గుర్తులు. ఇబ్బందంతా ఆ రెండో సగంతోనే.

లనర్ అనే చిన్న జావాస్క్రిప్ట్ ఇంజిన్ని తీసుకుందాం. ఎంకేడాక్స్ అనే సైట్ జనరేటర్‌తో కట్టిన సైట్లలో సెర్చ్ నడిపేది ఇదే. లనర్‌లో వెతికే మాటకి సొంత వ్యాకరణం ఒకటుంది. మాట ముందు గీత పెడితే 'ఈ మాట లేని పేజీలు చూపించు' అని అర్థం. కోలన్ పెడితే దానికి ముందున్నది ఫీల్డు పేరు అని అర్థం. ఇప్పుడు పాఠకుడు ఒక కమాండ్ ఆప్షన్ని గీతతో సహా టైప్ చేశాడనుకోండి. తనకి కావాల్సిన పేజీనే తీసేయమని అడిగినట్టవుతుంది. 'టైప్‌ఎర్రర్:' అని మొదలయ్యే ఎర్రర్ మెసేజ్ అతికించాడనుకోండి. టైప్‌ఎర్రర్ అనే ఫీల్డు లేదంటూ సెర్చే తిరిగి ఎర్రర్ ఇస్తుంది. పాఠకుడికి మాత్రం పెట్టె కింద ఖాళీయే కనిపిస్తుంది. జవాబు మీ పేజీల్లో ఉంది, కానీ అతను లేదనుకుని వెళ్లిపోతాడు. ఎంకేడాక్స్‌లో ఇంకో చిన్న సెట్టింగ్ ఉంది. మూడక్షరాల కన్నా పొట్టి మాటల్ని అది వెతకదు. మీ కమాండ్ పేరే రెండక్షరాలైతే ఆ అంకె మార్చేదాకా సెర్చ్ పలకదు.

ఇది లనర్ ఒక్కదాని లోపం కాదు. వాక్యాల్ని మాటలుగా విడగొట్టడానికి ఎలాస్టిక్‌సెర్చ్ మామూలుగా వాడే అనలైజర్ సి++ అన్న మాటలోంచి కూడిక గుర్తులు తీసేసి ఒక్క సి మాత్రమే దాచుకుంటుంది. స్ఫింక్స్ సంగతి చూడండి. పైథాన్ డాక్యుమెంటేషన్ కోసం 2008లో గియోర్గ్ బ్రాండ్ల్ తయారుచేసిన పనిముట్టు అది. దాని సెర్చ్ వదిలేసే చిల్లర మాటల ఇంగ్లిష్ జాబితాలో ఫర్, ఇఫ్, విత్, నాట్ ఉన్నాయి. ఇంగ్లిష్ వ్యాసంలో ఇవి నిజంగా చిల్లర మాటలే. పైథాన్ భాషలో మాత్రం ఒక్కోదానికీ ఒక్కో పాఠమే ఉంది.

పదాల తోకలు కత్తిరించే పద్ధతి కూడా ఇలాంటిదే. మార్టిన్ పోర్టర్ 1980లో ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ చాలా ఇంజిన్లలో ఉంది, లనర్‌లో కూడా. క్యాష్, క్యాషింగ్, క్యాష్డ్ అన్నీ ఒకే గూటికి చేరడం మంచిదే. కానీ అదే పద్ధతిలో జనరల్, జనరేట్ రెండూ ఒకే ముక్కగా కుదించుకుపోతాయి. కోడ్ జనరేట్ చేయడం ఎలాగని అడిగినవాళ్లకి 'జనరల్ సమాచారం' పేజీ ఎదురొస్తుంది.

అక్షరదోషాల్ని సర్దుకునే గుణానికి చాలామంది ముచ్చటపడతారు. మెయిలీసెర్చ్‌లో ఇది మొదటి నుంచీ ఉంది. అయిదక్షరాల మాట నుంచి ఒక తప్పు, తొమ్మిదక్షరాల మాట నుంచి రెండు తప్పులు క్షమిస్తుంది. మామూలు మాటలకి ఇది వరమే. ఫంక్షన్ పేర్ల దగ్గర మాత్రం చూసుకోవాలి. లైనక్స్‌లో ఎగ్జెక్‌విఇ, ఎగ్జెక్‌విపి రెండు వేర్వేరు ఫంక్షన్లు. తేడా చివరి ఒక్క అక్షరంలోనే ఉంది. ఒకటి అడిగితే రెండోది కూడా రావచ్చు, తప్పులేదు. కానీ అడిగింది పైన ఉండాలి. మీ ఇరవైలో ఇలాంటి జంట ఒకటి తప్పకుండా పెట్టండి.

వీటిలో చాలావాటికి మందుంది. బ్రౌజర్లోనే వెతికే పేజ్‌ఫైండ్‌లో ఏ గుర్తుల్ని ఉంచుకోవాలో చెప్పే సెట్టింగ్ ఉంది. సర్వర్ మీద నడిచే టైప్‌సెన్స్, మెయిలీసెర్చ్ రెండింటిలోనూ ఉంది. ఎంకేడాక్స్‌లో పదాల్ని ఎక్కడ విడగొట్టాలో మీరే రాయొచ్చు. ఎలాస్టిక్‌సెర్చ్‌లో అయితే అనలైజర్ని మొదటి నుంచి చివరిదాకా మీరే కట్టుకోవచ్చు. అందుకే 'ఏ ఇంజిన్ మంచిది' అన్న ప్రశ్న కన్నా 'మాకు తగిలే గుర్తుల్ని ఈ ఇంజిన్‌లో ఎంత తేలిగ్గా సర్దుకోవచ్చు' అన్న ప్రశ్న ఎక్కువ పనికొస్తుంది.

లోపలి లెక్క దగ్గర మాత్రం పెద్దగా తల బద్దలుకొట్టుకోకండి. అరుదైన మాటకి ఎక్కువ విలువ ఇవ్వాలన్న సూత్రం కేరెన్ స్పార్క్ జోన్స్ 1972లో ప్రతిపాదించింది. ఆ దారిలోనే 1990ల్లో వచ్చిన బీఎం25 లెక్కని లూసీన్ అనే లైబ్రరీ మీద కట్టిన ఎలాస్టిక్‌సెర్చ్ లాంటి పెద్ద ఇంజిన్లూ, చిన్న లనర్ కూడా వాడుతున్నాయి. మెయిలీసెర్చ్ దారి వేరు, అది కొన్ని నియమాల్ని వరసగా వర్తింపజేస్తుంది. ఏ లెక్కయినా శీర్షికలో ఉన్న మాటకి ఎక్కువ బరువు, పేజీ అడుగున ఉన్న మాటకి తక్కువ బరువు అని మీరు చెప్పకపోతే ఫలితాలు అడ్డదిడ్డంగానే వస్తాయి.

మీ ముందున్న నాలుగు దారులు

పేర్లు డజన్ల కొద్దీ ఉన్నా దారులు నాలుగే.

మొదటి దారి, సర్వర్ లేకుండా పాఠకుల బ్రౌజర్లోనే వెతకడం. సైట్ తయారుచేసేటప్పుడే ఇండెక్స్ కూడా ఒక ఫైలుగా తయారవుతుంది. స్ఫింక్స్, ఎంకేడాక్స్, ఎండీబుక్ ఈ సదుపాయాన్ని తమతోనే తెస్తాయి. విడిగా సర్వర్ ఉండదు, నెలనెలా బిల్లు రాదు. పాఠకులు ఏం వెతికారో ఇంకెవరికీ తెలియదు. చిక్కేమిటంటే, పేజీలు పెరిగేకొద్దీ ఆ ఫైలు కూడా పెరుగుతుంది, పాఠకులు మొత్తం దించుకోవాల్సి వస్తుంది. ఊళ్లో ఫోన్ డేటా మీద చదివేవాళ్లకి అది భారమే. ఈ చిక్కుకి విరుగుడుగా 2022లో క్లౌడ్‌కేనన్ సంస్థ పేజ్‌ఫైండ్ తెచ్చింది. అది ఇండెక్స్‌ని చిన్న చిన్న ముక్కలు చేసి, వెతికిన మాటకి అవసరమైన ముక్కల్నే తెప్పించుకుంటుంది. పదివేల పేజీల సైట్లో కూడా మొత్తం 300 కిలోబైట్ల లోపు దిగుమతితో వెతకొచ్చని దాన్ని చేసినవాళ్లు చెబుతున్నారు. ఏ సైట్ జనరేటర్‌తో కట్టిన సైటుకైనా దీన్ని తగిలించుకోవచ్చు.

నెట్ లేకుండా చదివే పాఠకులు మీకుంటే ఇంకో సంగతి చూడాలి. స్ఫింక్స్ ఇండెక్స్ ఒక జావాస్క్రిప్ట్ ఫైలు కావడంతో, పేజీల్ని కంప్యూటర్లోకి దించుకుని నేరుగా తెరిచినా సెర్చ్ పనిచేస్తుంది. పేజ్‌ఫైండ్‌కి అలా కుదరదు, లోకల్‌గానైనా ఒక వెబ్ సర్వర్ నడవాలి. కాలేజీ ల్యాబుల్లో, నెట్ అంతంతమాత్రంగా ఉండే చోట్ల ఈ తేడా బాగా తెలుస్తుంది.

రెండో దారి, పెట్టి నడిపే బాధ్యత వేరేవాళ్లకి అప్పగించడం. ఆల్గోలియా కంపెనీ డాక్‌సెర్చ్ అనే సేవని 2015 నుంచి ఓపెన్ సోర్స్ డాక్యుమెంటేషన్‌కి ఉచితంగా ఇస్తోంది. వాళ్ల క్రాలర్ మీ సైట్ని మామూలుగా వారానికోసారి చదివి ఇండెక్స్ చేస్తుంది, పెట్టె కింద వాళ్ల లోగో ఉంటుంది. వేగం బాగుంటుంది, అక్షరదోషాల్ని సర్దుకుంటుంది, మెయింటెయినర్‌కి పెద్దగా పని ఉండదు. అందుకే ఇంత పేరొచ్చింది. పోతే ఆ ఇంజిన్ ఓపెన్ సోర్స్ కాదు. పాఠకులు టైప్ చేసే ప్రతి అక్షరం ఇంకో కంపెనీ సర్వర్‌కి వెళ్తుంది. ఈ రెండూ మీ ప్రాజెక్టు విలువలకి సరిపోతాయో లేదో ముందే మాట్లాడుకోండి. మీరు రీడ్ ద డాక్స్‌లో డాక్యుమెంటేషన్ పెడితే అక్కడ సెర్చ్ కూడా దాంతోపాటే వస్తుంది, దాని వెనుక ఎలాస్టిక్‌సెర్చ్ ఉంది.

మూడో దారి, సొంత సర్వర్ మీద ఇంజిన్ నడపడం. ఎలాస్టిక్‌సెర్చ్, ఓపెన్‌సెర్చ్, సోలర్ పెద్దవి. టైప్‌సెన్స్, మెయిలీసెర్చ్ తేలికైనవి. టైప్‌సెన్స్ ఇండెక్స్ మొత్తాన్ని మెమరీలో పెట్టుకుంటుంది, అందుకే అంత వేగం. మెయిలీసెర్చ్ డిస్క్ మీద ఉంచుతుంది. ఈ రెండింటికీ డాక్యుమెంటేషన్ సైట్లని చదివి ఇండెక్స్ చేసే పనిముట్లు విడిగా ఉన్నాయి. అంతా మీ చేతిలో ఉంటుంది, బాధ్యతతో సహా.

నాలుగో దారిని చాలామంది మరిచిపోతారు. మీ సైట్ వెనుక ఇప్పటికే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఉంటే అందులోనే టెక్స్ట్ సెర్చ్ ఉంది. ఎస్‌క్యూలైట్‌లో కూడా ఉంది. జాంగో ప్రాజెక్టు తన డాక్యుమెంటేషన్ సెర్చ్‌ని ఎలాస్టిక్‌సెర్చ్ నుంచి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కే మార్చుకుంది. చూసుకోవాల్సిన సర్వర్ ఒకటి తగ్గింది.

రాత్రిపూట లేచేది ఎవరు?

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో అన్నిటికన్నా కరువైంది మనిషి సమయం. ఉత్సాహంగా సర్వర్ పెట్టిన విద్యార్థికి ఉద్యోగం వస్తుంది, పెళ్లవుతుంది, ఊరు మారతాడు. సర్వర్ పాస్‌వర్డ్ అతనితోనే పోతుంది. ఆ తర్వాత సెర్చ్ ఆగిపోయినా ఎవరూ గమనించరు. పేజీలు మామూలుగానే తెరుచుకుంటాయి కదా.

కాబట్టి మూడో దారి ఎంచుకునే ముందు ఒక కాగితం మీద ఇద్దరి పేర్లు రాయండి. ఇద్దరికీ ఆ సర్వర్ తాళాలు ఉండాలి. అప్‌డేట్లు వేయడం, బ్యాకప్ తీయడం ఇద్దరికీ తెలియాలి. రెండో పేరు దొరకకపోతే ఆ దారి మీది కాదు. నలభై పేజీల డాక్యుమెంటేషన్‌కి ఎలాస్టిక్‌సెర్చ్ పెట్టడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. పైగా ఆ అస్త్రానికి నెలనెలా మేత వేయాలి.

భద్రత సంగతి కూడా తేలిగ్గా తీసుకోకండి. 2020 జూలైలో మియావ్ అని పేరుపడ్డ దాడి జరిగింది. పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచిన వేలాది డేటాబేసులు అందులో తుడిచిపెట్టుకుపోయాయి. వాటిలో ఎలాస్టిక్‌సెర్చ్ సర్వర్లు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. డాక్యుమెంటేషన్‌లో దాచాల్సిందేం లేదు కదా అనుకోవచ్చు. రహస్యం లేకపోయినా ఇండెక్స్ పోతే సెర్చ్ పోతుంది, సర్వర్ దొంగల చేతిలో పడితే ప్రాజెక్టు పరువు పోతుంది. టైప్‌సెన్స్, మెయిలీసెర్చ్ వాడేవాళ్లు ఒక్క నియమం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. సర్వర్ అసలు కీని వెబ్ పేజీలో ఎప్పుడూ పెట్టకూడదు. వెతకడానికి మాత్రమే పనికొచ్చే కీ విడిగా తయారుచేసి, దాన్నే పేజీలో పెట్టాలి.

లైసెన్సు, బయటికొచ్చే దారి

ఈరోజు ఓపెన్ సోర్స్ అయింది రేపు కూడా అలాగే ఉంటుందన్న హామీ లేదు. షే బనాన్ 2010లో విడుదల చేసిన ఎలాస్టిక్‌సెర్చ్ చాలాకాలం అపాచీ లైసెన్సు కింద ఉంది. 2021 జనవరిలో దాన్ని నడిపే ఎలాస్టిక్ కంపెనీ ఆ లైసెన్సు వదిలేస్తున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో అమెజాన్ పాత కోడ్ ఆధారంగా ఓపెన్‌సెర్చ్ మొదలుపెట్టింది. 2024లో ఎలాస్టిక్ మళ్లీ ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సుని కూడా చేర్చింది, అదే ఏడాది ఓపెన్‌సెర్చ్ లైనక్స్ ఫౌండేషన్ గొడుగు కిందికి వెళ్లింది. ఈ మలుపుల్లో ప్రతిదానికీ వాటిని వాడే ప్రాజెక్టులు కూర్చుని మళ్లీ ఆలోచించుకోవాల్సి వచ్చింది.

కంపెనీ సేవల్ని నమ్ముకున్నా ఇంతే. గూగుల్ సైట్ సెర్చ్ అనే డబ్బులిచ్చి వాడుకునే సేవ ఉండేది, 2018లో గూగుల్ దాన్ని మూసేసింది. చిన్న ప్రాజెక్టుల్లో ఇంకో రకం ప్రమాదం ఉంది. ఎవరూ మూసేయరు, మెల్లగా ఆగిపోతుంది. లనర్ చివరి వెర్షన్ 2020లో వచ్చింది. అది ఇప్పటికీ పనిచేస్తోంది, చాలామంది వాడుతున్నారు. కొత్తగా ఎంచుకునేవాళ్లు మాత్రం ఆ సంవత్సరం చూసి మరీ నిర్ణయించుకోవాలి.

దీనికి పరిష్కారం ఎప్పటికీ మారని ఇంజిన్ కోసం వెతకడం కాదు, అలాంటిది లేదు. మారినప్పుడు నొప్పి తక్కువగా ఉండేలా చూసుకోవాలి. మీ పేజీలు మామూలు మార్క్‌డౌన్ లేదా రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లో ఉండాలి. ఏ ఒక్క ఇంజిన్‌కో మాత్రమే అర్థమయ్యే గుర్తులు పేజీల నిండా చల్లకూడదు. సెర్చ్‌కి సంబంధించిందంతా ఒక కాన్ఫిగరేషన్ ఫైలు, ఒక టెంప్లేట్‌లో ఇమిడిపోవాలి. అప్పుడు ఇంజిన్ మార్చడం ఒక శనివారం పని. లేకపోతే ఏడాది పని.

మీ డాక్యుమెంటేషన్ తెలుగులో ఉంటే

తెలుగులో సాఫ్ట్‌వేర్ పాఠాలు, సహాయ పేజీలు రాసేవాళ్లు పెరుగుతున్నారు. వాళ్ల కోసం ఈ భాగం.

లనర్ తన మామూలు రూపంలో మాటకి అటూ ఇటూ ఉన్న గుర్తుల్ని కత్తిరిస్తుంది. దాని దృష్టిలో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ కానిదంతా గుర్తే. ఫలితంగా తెలుగు మాట మొత్తం కత్తెరలో పోయి ఇండెక్స్‌లో ఖాళీ మిగులుతుంది. పేజీలు బ్రహ్మాండంగా కనిపిస్తాయి, సెర్చ్‌లో ఒక్కటి కూడా దొరకదు. లనర్ భాషల ప్యాకేజీలో తెలుగు ఉంది, ఎంకేడాక్స్ సెట్టింగ్స్‌లో దాన్ని చేర్చితే ఈ సమస్య తీరుతుంది. లూసీన్‌లో 9వ వెర్షన్ నుంచి తెలుగు అనలైజర్ ఉంది. స్ఫింక్స్ సెర్చ్ భాషల జాబితాలో మాత్రం తెలుగు లేదు.

రెండో చిక్కు కంటికి కనిపించదు. సాఫ్ట్‌వేర్, నెట్‌వర్క్ లాంటి మాటల్లో పొల్లు తర్వాతి అక్షరం కింద వత్తుగా మారకుండా ఉండటానికి మధ్యలో ఒక కనిపించని అక్షరం పెడతాం. కొందరు అది పెట్టకుండా సాఫ్ట్వేర్ అని రాస్తారు. కంప్యూటర్‌కి ఇవి రెండు వేర్వేరు మాటలు. ఇన్‌స్టాల్, ఇన్స్టాల్, ఇంస్టాల్ అని మూడు రకాలుగా రాసేవాళ్లూ ఉన్నారు. ఇండెక్స్ చేసేటప్పుడూ, పాఠకులు టైప్ చేసినప్పుడూ ఆ కనిపించని అక్షరాన్ని తీసేసే ఏర్పాటు చేయండి. మిగిలిన రూపాల్ని పర్యాయపదాల జాబితాలో వేయండి.

మూడోది మన మాటలకి అతుక్కునే విభక్తులు. ఫైలు అని వెతికితే ఫైలులో, ఫైలుని దొరకాలి. మాట మొదలుని బట్టి వెతికే ఇంజిన్ ఇక్కడిదాకా లాక్కొస్తుంది. ఫైళ్లు దగ్గర అది కూడా చేతులెత్తేస్తుంది. అందుకని ముఖ్యమైన మాటల ఏకవచనం, బహువచనం రెండూ శీర్షికలోనో పేజీ మొదటి పేరాలోనో వచ్చేలా రాయండి. మన పాఠకుల్లో చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేస్తారు కాబట్టి, కమాండ్లు, మెనూ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా పేజీలో ఉండాలి.

పరీక్ష పెట్టండి

ఇప్పుడు మీ దగ్గర ఇరవై ప్రశ్నలున్నాయి, చూసుకునే మనుషుల పేర్లున్నాయి. రెండు ఇంజిన్లు ఎంచుకోండి. అంతకన్నా ఎక్కువ వద్దు, పోల్చడమే పనైపోతుంది. ఒకటి మీ సైట్ జనరేటర్‌తో వచ్చినదే అయి ఉండాలి. రెండింటినీ మీ నిజమైన పేజీల మీదే నడపండి. తయారుచేసినవాళ్ల డెమో సైట్లో అన్ని ఇంజిన్లూ బాగానే పరిగెడతాయి.

ఒక్కో ప్రశ్న టైప్ చేసి, సరైన పేజీ మొదటి మూడు ఫలితాల్లో ఉందా లేదా అన్నదొక్కటే చూడండి. ఉంటే ఒక మార్కు, లేకపోతే సున్నా. అయిదు రకాలకీ విడివిడిగా మార్కులు వేయండి. ఈ పరీక్ష ఫోన్లో కూడా చేయండి, నెట్ నెమ్మదిగా ఉన్నచోట కూడా చేయండి. కీబోర్డుతోనే పెట్టెలోకి వెళ్లి ఫలితాల్లో కిందికీ పైకీ కదలగలరా, స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకి ఫలితాలు వినిపిస్తాయా చూడండి. చూపు లేని ప్రోగ్రామర్లు మన మధ్య ఉన్నారు.

పాత వెర్షన్ల పేజీలు కూడా మీ సైట్లో ఉంటే ఇంకో పరీక్ష పెట్టాలి. నాలుగో వెర్షన్ వాడే మనిషికి రెండో వెర్షన్ జవాబు ఇస్తే తప్పు జవాబు ఇచ్చినట్టే. వెర్షన్ని బట్టి ఫలితాల్ని వడకట్టే వీలు డాక్‌సెర్చ్‌లోనూ, పేజ్‌ఫైండ్‌లోనూ ఉంది. కానీ అది దానంతటదే జరగదు, పేజీల్లో గుర్తు మీరు పెట్టాలి. పేజ్‌ఫైండ్ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. పేజీలో అసలు విషయం ఎక్కడుందో చూపే గుర్తుని ఒక్క పేజీలో పెట్టినా, ఆ గుర్తు లేని పేజీలన్నిటినీ అది ఇండెక్స్ నుంచి వదిలేస్తుంది. పెడితే అన్నిటికీ పెట్టండి, లేదంటే దేనికీ పెట్టకండి.

రెండు ఇంజిన్లూ ఒకే ప్రశ్నల దగ్గర బోల్తాపడితే తప్పు ఇంజిన్ది కాదు, పేజీలది. ఎర్రర్ మెసేజ్ మీ పేజీల్లో ఎక్కడా రాసి లేకపోతే ఏ ఇంజిన్ తెచ్చి ఇస్తుంది? 'పరిచయం', 'ఇతర విషయాలు' లాంటి శీర్షికల కింద అసలు సంగతులు దాస్తే ఎవరికి దొరుకుతాయి? ఎర్రర్ వాక్యాల్ని యథాతథంగా ఒక పేజీలో పెట్టండి. శీర్షికల్ని పాఠకులు అడిగే మాటల్లో రాయండి. ఈ ఒక్క పనితో పెరిగే మార్కులు ఇంజిన్ మారిస్తే పెరిగే వాటికన్నా ఎక్కువ ఉండొచ్చు. పైగా గూగుల్ ద్వారా నేరుగా మీ పేజీకి వచ్చేవాళ్లకి కూడా ఇది పనికొస్తుంది.

సెర్చ్ పెట్టగానే పని అయిపోయిందనుకోకండి. ఇల్లలకగానే పండగ కాదు. ఏ మాటలకి ఫలితమే రాలేదో లెక్క ఉంచే వీలు ఉంటే, మనుషుల వివరాలు లేకుండా ఆ మాటల్ని మాత్రం దాచండి. మూడు నెలలకోసారి ఆ జాబితా చూసి, కొత్త ప్రశ్నల్ని మీ ఇరవైలో చేర్చి, పాతబడ్డవి తీసేయండి.

ఇక నిర్ణయం

మీ డాక్యుమెంటేషన్ కొన్ని వందల పేజీల లోపు ఉంటే, సైట్ జనరేటర్‌తో వచ్చిన సెర్చ్‌తోనే మొదలుపెట్టండి. అది ఇరవైలో పదిహేను దాటకపోతే ముందు గుర్తుల సెట్టింగ్, శీర్షికలు సరిచేయండి. అప్పటికీ లాభం లేకపోతే పేజ్‌ఫైండ్ పెట్టి చూడండి. పేజీలు వేలల్లో ఉండి, వెర్షన్లు, భాషలు ఎక్కువై, కంపెనీ సేవ వాడటానికి మీ బృందానికి అభ్యంతరం లేకపోతే డాక్‌సెర్చ్‌కి దరఖాస్తు చేయండి. అభ్యంతరం ఉండి, సర్వర్ చూసుకునే ఇద్దరు మనుషులు నిజంగా ఉంటే టైప్‌సెన్స్ గానీ మెయిలీసెర్చ్ గానీ తీసుకోండి. డేటాబేస్ ఇప్పటికే నడుస్తుంటే దాని సెర్చ్‌ని ఒకసారి పరీక్షించకుండా కొత్త సర్వర్ కొనకండి. ఎలాస్టిక్‌సెర్చ్, ఓపెన్‌సెర్చ్ మీ అవసరం పైవాటన్నిటినీ దాటినప్పుడు మాత్రమే. చాలా ప్రాజెక్టులకి ఆ రోజు రాదు.

నిర్ణయం తీసుకున్నాక దాన్ని ప్రాజెక్టు ఫోల్డర్లోనే ఒక చిన్న ఫైలుగా రాసిపెట్టండి. ఏ ప్రశ్నలు వాడారు, ఎన్ని మార్కులొచ్చాయి, ఎందుకు ఇది ఎంచుకున్నారు, ఎవరు చూసుకుంటారు, ఏ పరిస్థితి వస్తే మార్చాలి. ఒక్క పేజీ చాలు. రేపు కొత్తగా చేరినవాళ్లు అదే చర్చ మళ్లీ మొదలుపెడితే వాళ్ల చేతికి ఆ పేజీ ఇవ్వండి. వాళ్ల ఇంజిన్ అదే ఇరవై ప్రశ్నలకి ఎక్కువ మార్కులు తెస్తే, మొహమాటపడకుండా మార్చేయండి.